గాలి ఎటు కొడితే అటే కూర్చున్నా

చేపల కోసం చెరువు గట్టున రెండు రాడ్లు వేసుకుని 14 గంటలు కూర్చున్నా, చేప ఎర లాగితే మోగే అలారం ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు. రాడ్ కొసకీ పక్కనున్న గడ్డిపరకకీ మధ్య సాలీడు గూడు కూడా కట్టేసింది. చేపల్లేని చెరువైతే పోనీలే అనుకోవచ్చు, కానీ ఇందులో కార్ప్ బాగా ఉందని అక్కడికి వచ్చే వాళ్లందరికీ తెలుసు, మనం బంగారు తీగ అంటామే, అదే, ఐదారు కిలోలవి మామూలుగానే పడతాయి. ఎర బాగానే ఉంది, గాలం కొత్తది, ముడి నేనే రెండుసార్లు లాగి చూశా. తేడా అంతా నేను కూర్చున్న చోటులో ఉంది. అక్కడ చేపే లేదు, లేని చేప ముందు ఎంత మంచి ఎర పెడితే ఏం లాభం?

అంతకుముందు రెండేళ్లు నేను చోటు ఎంచుకున్న పద్ధతి చెబితే నవ్వుతారు. బండి ఆపిన దగ్గర్నుంచి సామాను ఎక్కువ దూరం మోయక్కర్లేకుండా ఉండాలి, కుర్చీ వేస్తే ఊగకూడదు, కాస్త నీడ ఉండాలి, అంతే. అందరూ చూసేవి అవే కాబట్టి అలాంటి చోట గట్టు నున్నగా, గడ్డి మొలవకుండా అరిగిపోయి ఉంటుంది. చేపలకి ఈ సంగతి బాగా తెలుసు. కార్ప్ జాతికి గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న చిన్న ఎముకల వరస ఒకటి ఉంటుంది, వెబర్ ఎముకలంటారు. నీళ్లలో వచ్చిన చప్పుడుకి గాలితిత్తి అదిరితే ఆ అదురు ఈ ఎముకల మీదుగా చెవికి చేరిపోతుంది. మనం గట్టు మీద ధన్‌ధన్‌మని నడవడం, పెట్టె కింద పడేయడం, కుర్చీ కాళ్లు నేలలోకి గుద్దడం, ఇవన్నీ వాటికి వినపడతాయి. రోజూ మనుషులు కూర్చునే చోటికి అవి రావని కాదు, కానీ మనం సామాను సర్దుకుని వెళ్లిపోయాక తీరిగ్గా వస్తాయి.

ఆ తర్వాత నాకు గాలి సూత్రం తెలిసింది. గాలి పైపై నీటిని ఒక ఒడ్డు వైపు తోస్తుంది, ఆ నీటితో పాటు తేలే పురుగులూ చెత్తా అటే చేరతాయి, అలలు ఒడ్డుకి కొట్టుకుని అడుగు కదిలి నీళ్లు కాస్త మురికిగా అవుతాయి, నీళ్లలోకి ఆక్సిజన్ ఎక్కువగా కలుస్తుంది, చేపలు ధైర్యంగా ఒడ్డు దగ్గరికి వస్తాయి. కాబట్టి గాలి మొహానికి కొట్టే చోట కూర్చో. ఇదంతా నిజమే, నేను కళ్లారా చూశాను కూడా. అందుకే ఈసారి వెళ్లగానే అలలు ఎటు పోతున్నాయో చూసుకుని, సామానంతా భుజాన వేసుకుని, చెరువు సగం చుట్టి, గాలి నేరుగా కొట్టే ఒడ్డుకి వెళ్లి కూర్చున్నా. సాయంత్రం నాలుగైంది. టోపీ రెండుసార్లు ఎగిరిపోయింది. చలికి చెవులు నొప్పెడుతున్నా, నాకన్నీ తెలుసు అన్న ధీమాతో ఉన్నా.

రాత్రి రెండుసార్లు అవతలి వైపు నుంచి ధబ్‌మని చప్పుడు వినిపించింది. అప్పుడే లేచి ఉండాల్సింది. కుక్కో ఏదో నీళ్లలో దిగిందిలే అని దుప్పటి మీదికి లాక్కున్నా. చీకట్లో సామాను సర్దుకోవడానికి బద్ధకం, అంతకుమించి ఏం లేదు.

పొద్దున ఆరింటికి గట్టు మీద నడుచుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు, చేతిలో రాడ్ లేదు, ఊరికే నీళ్ల వైపు చూసుకుంటూ వస్తున్నాడు.

"ఏమైనా తగిలాయా బాబూ?"

"లేదు బాబాయ్, నిన్న సాయంత్రం నుంచి ఒక్కటీ లేదు."

"ఇక్కడే ఎందుకు కూర్చున్నావు?"

"గాలి ఇటే కొడుతోంది కదా అని."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు. "నీళ్లలో చెయ్యి పెట్టి చూశావా?" అన్నాడు. పెట్టి చూశా. వేళ్లు కొరికేసినట్టు ఉంది. "ఇప్పుడు ఆ మూల తుంగ ఉంది చూడు, అక్కడికెళ్లి పెట్టి చూడు" అని చెప్పి తన దారిన తను పోయాడు.

నా దగ్గర చిన్న థర్మామీటర్ ఒకటి ఉంది, కొన్నాక ఒక్కసారి కూడా సంచిలోంచి తీయలేదు. దాన్ని తీసి నేను కూర్చున్న ఒడ్డున ముంచితే 10 డిగ్రీలు చూపించింది. రాడ్లు ఎత్తేసి, సామాను అక్కడే వదిలేసి, థర్మామీటరూ నీళ్ల మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లజోడూ మాత్రం పట్టుకుని బయల్దేరా. అవతలి మూలకి చేరేసరికి ఎండ బాగా వచ్చింది. అక్కడ గట్టు ఎత్తుగా ఉండి గాలిని ఆపేస్తోంది, లోతు నడుము దాకా కూడా లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ముంచి చూస్తే 13. అంటే ఒకే చెరువులో, ఒకే పొద్దున, మూడు డిగ్రీల తేడా! కార్ప్ ఒంటి వేడి చుట్టూ ఉన్న నీళ్లని బట్టే మారుతుంది, అరుగుదలా ఆకలీ కూడా దాన్ని బట్టే. ఇంకా చలి పోని రోజుల్లో ఆ మూడు డిగ్రీలు వాటికి చాలా పెద్ద తేడా.

గాలి సూత్రంలో నేను వదిలేసిన ముక్క ఇదే. వెచ్చటి గాలి అయితే వెచ్చబడ్డ పైనీరు అటు చేరుతుంది, చేపలూ చేరతాయి. ఆ రోజు వీచింది చల్లగాలి, చెరువు పొడుగునా నీటి పైభాగాన్ని చల్లబరుస్తూ వచ్చి, ఆ చల్లటి నీళ్లనే నా ముందు పోగేసింది. నేను కష్టపడి మోసుకుంటూ వెళ్లి చెరువు మొత్తంలో చలి ఎక్కువున్న చోట కూర్చున్నానన్నమాట.

సరే, మూల దొరికింది. అక్కడ చేప ఉందా లేదా? వెంటనే రాడ్లు తెచ్చేసుకోవాలని చేతులు లాగుతున్నాయి, అయినా తుంగ వెనక గొంతుక్కూర్చుని అరగంట ఊరికే చూశా. మొదట బుడగలు కనపడ్డాయి. నేను బుడగలు చూసి మోసపోయిన రోజులు చాలానే ఉన్నాయి, ఎందుకంటే అడుగున కుళ్లిన ఆకుల నుంచి కూడా గ్యాస్ వస్తుంది. ఆ గ్యాస్ బుడగలు పెద్దవిగా ఒకే చోట నుంచి బుడుంగ్ బుడుంగ్‌మని నాలుగు వచ్చి ఆగిపోతాయి. కార్ప్ మేస్తుంటే వచ్చేవి సోడా పొంగినట్టు సన్నగా గుంపుగా వస్తాయి, పైగా అవి జరుగుతాయి, ఒక గజం ఇటు, మళ్లీ రెండు గజాలు అటు. చేప మూతిని గొట్టంలా ముందుకి సాచి బురదలో పెట్టి పీలుస్తుంది, పురుగుల్ని ఉంచుకుని మిగతాది బయటికి వదిలేస్తుంది, ఆ కదలికకి బురదలో ఉన్న గాలి పైకొస్తుంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే బుడగల కింద నీళ్లు పాలలో డికాక్షన్ పోసినట్టు రంగు తిరుగుతున్నాయి. ఇక అనుమానం లేదు.

ఇక్కడ నేను ఇంకో పొరపాటు చేశాను. అడుగు ఎలా ఉందో తెలుసుకోకుండా ఎర వేయకూడదని చదివి ఉన్నా కదా, రాడ్‌కి ఉత్త సీసం గుండు కట్టి వేయడం మొదలుపెట్టా. పద్ధతి మంచిదే. గుండు మునుగుతున్నప్పుడు తంగూసు, అంటే రీల్‌కి చుట్టిన నైలాన్ దారం, బిగువుగా పట్టుకుంటే అది అడుగు తాకినప్పుడు చేతికి తెలుస్తుంది. గులకరాళ్లయితే టక్‌మని గట్టిగా తగులుతుంది, లాగితే రాడ్ కొస టకటకా కొట్టుకుంటుంది. బంకమట్టి అయితే నున్నగా జారుకుంటూ వస్తుంది. లోతు బురదైతే తగిలినట్టే ఉండదు, లాగబోతే ఎవరో పట్టుకున్నట్టు బరువుగా ఉండి తర్వాత వదులుతుంది. నాచు అయితే బిగుసుకుపోయి, గట్టిగా లాగితే గుప్పెడు నాచుతో సహా వస్తుంది. అల్లిక దారం వాడితే ఇంకా బాగా తెలుస్తుంది, తంగూసు సాగుతుంది కాబట్టి చేతికి సగమే అందుతుంది.

ఇదంతా చేయాల్సింది చేపలు అక్కడ లేనప్పుడు. నేనేమో నడుము లోతు కూడా లేని నీళ్లలో, మేస్తున్న చేపల నెత్తిన, 12 సార్లు గుండు విసిరా. నాలుగోసారికే బుడగలు ఆగిపోయాయి. నీళ్ల మీద గీత గీసినట్టు మూడు అలలు తుంగలోంచి లోపలి లోతు వైపు దూసుకుపోయాయి. ఎంత తిట్టుకున్నానో చెప్పలేను.

కాకపోతే ఆ 12 సార్లూ పూర్తిగా వృథా పోలేదు. తుంగకి బాగా ఎడమగా వేసినప్పుడు గుండుకి నల్లటి బురద అంటుకుని వచ్చింది, వాసన చూస్తే కుళ్లిన గుడ్డు కంపు. అలాంటి చోట ఎర వేస్తే ఆ కంపు ఎరకి కూడా పడుతుంది, నేనైతే వేయను. కుడివైపు, తుంగకి మూడు గజాల ఇవతల, గుండు మెత్తగా దిగింది కానీ వెంటనే వదిలింది. పైకి తీస్తే గోధుమరంగు బురద, వాసన లేదు, అందులో అగ్గిపుల్లలో సగం పొడవున సన్నటి ఎర్ర పురుగు ఒకటి మెలికలు తిరుగుతోంది. ఒక రకం దోమల్లాంటి కుట్టని ఈగల పిల్లదశ అది. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ దానికీ ఉంటుంది కాబట్టే ఆ ఎరుపు, ఆక్సిజన్ తక్కువున్న బురదలో కూడా బతకగలగడానికి కారణం కూడా అదే. కార్ప్‌కి అది రోజూ దొరికే తిండి. అంటే చేపలు ఎందుకొచ్చాయో నా వేలి మీదే కనపడుతోంది. రీల్‌కున్న క్లిప్పుకి తంగూసు తగిలించి ఆ దూరం గుర్తు పెట్టుకుని, గుండు విప్పేసి, మళ్లీ నీళ్లని ముట్టుకోలేదు.

సామాను తెచ్చుకున్నా, కానీ నీటి అంచు నుంచి పది అడుగులు వెనక్కి పెట్టా. ఒక్క రాడ్డే వేశా, చిన్న గుండు, నాలుగు మొక్కజొన్న గింజలు, చుట్టూ ఒక గుప్పెడు. ఎక్కువ చల్లాలనిపిస్తుంది కానీ భయపడి ఉన్న చేపకి ఎక్కువ తిండి చూస్తే అనుమానమే. మధ్యాహ్నం అంతా ఏం లేదు. రెండో రాడ్ వేసేద్దామా, మళ్లీ చోటు మారదామా అని ఒకటే టెన్షన్. నాలుగున్నరకి బుడగలు మళ్లీ మొదలయ్యాయి, తుంగకి ఆ చివర, తర్వాత కాస్త ఇటు, తర్వాత ఇంకాస్త. ఐదుంపావుకి రాడ్ కొస ఒక్కసారిగా వంగి రీల్ గిర్రున తిరిగింది. తుంగ మూడు గజాల్లోనే ఉంది కాబట్టి నేను రాడ్ పక్కనే కూర్చుని ఉన్నా, చేప తుంగలోకి దూరకముందే పక్కకి తిప్పగలిగా. అలారం మీద నమ్మకం పెట్టుకుని ఎక్కడో వెనక పడుకుని ఉంటే పోయేదే. ఆరు కిలోల కన్నా కొంచెం ఎక్కువే తూగింది, మూతి పక్కన రెండు జతల మీసాలు, పొట్ట పక్కన పొలుసులు నిజంగానే బంగారం రంగు. తడి చాప మీదే గాలం తీసి వదిలేశా.

ఆ మూలకి కాస్త అవతల పడిపోయిన చెట్టు ఒకటి నీళ్లలో ఉంది. దాని కొమ్మల మధ్య నాలుగైదు చేపలు కళ్లజోడు లేకుండానే కనపడ్డాయి. చాలామంది అక్కడే వేస్తారు. నేను వేయలేదు, వేయను కూడా. అక్కడ గాలం తగిలిన చేప కొమ్మల్లోకి దూరి దారం తెంపుకుంటుంది, తర్వాత ఆ గాలంతోనే తిరగాలి. చేప ఉన్న చోటే కావాలి సరే, దాన్ని క్షేమంగా బయటికి తీయగలమా అనేది కూడా చూడాలి కదా.

వేసవి మొదట్లో మళ్లీ వెళ్లినప్పుడు కాళ్లు వాటంతట అవే ఆ తుంగ మూలకి నడిచాయి, చలి రోజులు ఎప్పుడో పోయినా సరే. ఒకసారి పడ్డ చోటు మీద అంత మమకారం ఉంటుంది. నీళ్లు 26 డిగ్రీలు ఉన్నాయి, గాలి లేదు, మూలంతా నాచు. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్‌ని తక్కువ పట్టుకుంటాయి, 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా కలిసి ఉండగలిగేది 25 దగ్గరికి వచ్చేసరికి 8 చిల్లరకి పడిపోతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది కానీ రాత్రంతా అదే పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారుజామున నాచు ఎక్కువున్న మూలలు చేపలకి ఊపిరాడని చోట్లు. నేను వెళ్లింది సరిగ్గా ఆ వేళకే. అరగంట కూర్చుని చూశా, బుడగ లేదు, అల లేదు. ఏడింటికి గాలి మొదలైంది, వెచ్చగా, నేను మొదటిసారి వణుక్కుంటూ కూర్చున్న ఒడ్డు వైపుకే. సామాను బండిలోనే ఉంచి చెరువు చుట్టూ నడిచా. మొదటి రౌండులో ఏమీ కనపడలేదు. రెండో రౌండులో, ఆ పాత ఒడ్డున, అలలు మురికిగా కొట్టుకుంటున్న చోట, గట్టుకి రెండు గజాల్లో ఒక తోక పైకి లేచి నిదానంగా కిందికి దిగింది. చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వెళ్లి రాడ్లు తెచ్చుకున్నా.