సుంకి ఘాట్‌లో బ్రేకు కొడితే స్టీరింగ్ అదురు, ఇప్పటిదాకా నడిచిన కథ

ఓడో (మీటరులో కిలోమీటర్లు) 84,310

మాది ఒడిశా కోరాపుట్ వైపు సెమిలిగూడ, నెలకి రెండు మూడు సార్లు సాలూరు మీదుగా విజయనగరం దిగాలి. పాత 43, ఇప్పటి 26 నంబర్ హైవే. కుందులి సంత దాటి పొట్టంగి దాకా బండి బుద్ధిగానే ఉంటది. సుంకి దాటి దిగుడు మొదలయ్యాక మూడో నాలుగో గట్టి మలుపు దగ్గర్నుంచి బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగ్ చేతిలో గడగడా అదురుద్ది, కాలు తీస్తే ఆగిపోద్ది. కింద సాలూరు వెళ్ళి టీ తాగి ఓ అరగంట ఆగి మళ్ళీ ఎక్కిస్తే ఏమీ లేనట్టే ఉంటది. చల్లగా ఉన్నప్పుడు లేదు, వేడెక్కితే ఉంది, సో బ్రేకులదే గోల అని అక్కడికి తేలిపోయింది.

బండి పదకొండేళ్ళ డీజిల్ చిన్నకారు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, టైర్లు 165/80 ఆర్14. అసలు మంట ఏంటంటే 81,000 దగ్గర ఇదే అదురు వస్తే ఒక షెడ్డులో ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లూ కొత్తవి వేయించాను. "డిస్క్ ఖరాప్" అన్నారు, సరే అన్నాను, డబ్బులిచ్చాను. నెలరోజులు బంగారం. ఆ తర్వాత మెల్లమెల్లగా మళ్ళీ మొదలు. మూడు వేల కిలోమీటర్లకే డిస్కు పాడైపోద్దా? ఈసారి మాత్రం నేనే చూస్తాను, కొలవకుండా ఒక్క పార్టు కూడా కొనను అని పంతం పట్టాను.

ఓడో 84,390

ముందు డబ్బు ఖర్చు లేని టెస్టులు. సునాబెడ వైపు పొద్దున్నే ఖాళీగా ఉండే తిన్నటి రోడ్డు మీద 40 స్పీడులో హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కే ఉంచి నెమ్మదిగా లాగాను (బటన్ వదిలేస్తే లాక్ అయి వెనక చక్రాలు ఈడ్చేస్తాయి, ఘాట్‌లో అయితే అస్సలు చెయ్యొద్దు). హ్యాండ్‌బ్రేక్ వెనక డ్రమ్ములకే కదా పట్టేది, సీటులో గానీ నడుముకి గానీ ఏ అదురూ తగల్లేదు. వెనకది కాదు.

తర్వాత ఘాట్‌కి పోయి మా అమ్మాయిని పక్క సీట్లో కూర్చోబెట్టి డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ పెట్టించాను, వైబ్రేషన్ గ్రాఫ్ గీసే ఫ్రీ యాప్ ఒకటి వేసి. 40 దగ్గర సెకనుకి దగ్గరదగ్గర ఆరు ఊపులు, 25కి దిగేసరికి మూడున్నర నాలుగు. ఈ టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 1.9 మీటర్లు పోద్ది, 40 స్పీడంటే సెకనుకి 11 మీటర్లు, అంటే చక్రం ఆరు చుట్ల లోపు. చక్రం ఒక చుట్టుకి ఒక ఊపు అన్నమాట. చక్రాలు లాక్ అవ్వకుండా చూసే ఏబీఎస్ అయితే ఇలా ఉండదు, అది కాలి కింద పెడల్‌ని టకటకమని చాలా ఫాస్టుగా కొడుద్ది, అదీ గులకరాళ్ళ మీదో తడి మీదో చక్రం జారినప్పుడే.

అమ్మాయి పట్టేసింది ఇంకోటి ఉంది, నేను గమనించనే లేదు. "నాన్నా, ఎడమకి తిరిగినప్పుడే ఎక్కువ ఊగుతోంది" అంది. నిజమే. ఎడమ మలుపులో బరువంతా కుడి చక్రం మీద పడుద్ది, దిగుడులో బ్రేకు కొడితే ముందుకి కూడా పడుద్ది, అంటే ముందు కుడి చక్రం మీదే అనుమానం.

ఓడో 84,395, ఇంటి ముందు

జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు) చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ ప్లే లేదు. పక్కల పట్టుకుని ఊపితే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లూ బాగానే ఉన్నాయి. బేరింగ్ లూజుగా ఉంటే మలుపు తిరిగాక డిస్కు ప్యాడ్లని వెనక్కి తోసేసి మొదటిసారి పెడల్ కొంచెం లోతుకి పోద్ది, నాకు అలా ఎప్పుడూ అవ్వలేదు కాబట్టి అదీ కొట్టేశాను. కాని చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లోకి గునపం పెట్టి లేపితే రబ్బరు నోరు తెరిచింది, సగం పైగా చీలిక.

దొరికింది దొంగ అనుకున్నాను! బుష్ చిరిగితే బ్రేకు కొట్టినప్పుడు చక్రం ముందుకీ వెనక్కీ ఆడుద్ది, లెక్క సరిపోయింది. జైపూర్ (మా కోరాపుట్ పక్కది, రాజస్థాన్‌ది కాదు) పోయి రెండు వైపులా బుష్‌లు మార్పించి అలైన్‌మెంట్ చేయించాను.

ఓడో 84,560

సుంకి దిగాను. సగం తగ్గింది, పోలేదు. సగం తగ్గడం ఇంకా చిరాకు, పూర్తిగా అలాగే ఉంటే కనీసం అది కాదని వదిలేయొచ్చు. ఊపు పుట్టేది ఇంకెక్కడో, బుష్ దాన్ని పెద్దది చేస్తోందంతే.

మా పెద్దబావకి ఫోన్ చేశాను, సాలూరులో ముప్పై ఏళ్ళు లారీల పని చేసిన మనిషి. చెప్పిందంతా విని ఒకటే అడిగాడు, "డిస్కులు మార్సినప్పుడు హబ్బు మొకం రుద్దారేట్రా?" (హబ్ అంటే డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం, మొకం అంటే డిస్కు ఆనే వైపు.) నేనెక్కడ చూశాను బావా, బెంచీ మీద టీ తాగుతూ కూర్చున్నాను అన్నాను. "అయితే మళ్ళీ డిస్కులు కొనీసీకు. డయల్ గేజీ పంపుతాను, కొల్సి సెప్పు" అన్నాడు. మర్నాడు బస్సులో వచ్చింది గేజ్ (తిరిగేటప్పుడు డిస్కు ఎంత ఊగుతోందో ముల్లుతో చూపేది), మాగ్నెట్ స్టాండూ, మందం కొలిచే మైక్రోమీటరుతో సహా, పాత తువ్వాలులో చుట్టి.

ఓడో 84,572, అసలు పని

చక్రం తీసి, నట్లకి వాషర్లు వేసి డిస్కుని హబ్‌కి సమంగా బిగించాను, ఊరికే వేలాడదీసి కొలిస్తే ఆ రీడింగ్ దేనికీ పనికిరాదు. గేజ్ ముల్లు డిస్కు అంచుకి ఓ సెంటీమీటర్ లోపల ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పాను. డిస్కు ఊగు ఎడమ వైపు 0.03 మిల్లీమీటర్లు. కుడి వైపు 0.11. మామూలుగా 0.05 లోపు ఉంటే మంచిది, 0.1 దాటితే ఊరుకోకూడదు.

మైక్రోమీటర్‌తో కుడి డిస్కు మందం ఎనిమిది చోట్ల తీసి చాక్‌తో డిస్కు మీదే రాశాను: ఎక్కువ 19.62, తక్కువ 19.59. తేడా 0.03. వినడానికి ఏముంది, వెంట్రుక కన్నా సన్నం. కాని కాలికి తెలిసేది ఈ తేడానే. మందం చోట ప్యాడ్ గట్టిగా, సన్నం చోట మెత్తగా పట్టుద్ది, అదే చుట్టుకొక ఊపు.

ఇప్పుడు తప్పు డిస్కుదా హబ్‌దా? హబ్ మీద ఎత్తు వచ్చిన చోట (గేజ్ ఎక్కువ చూపిన చోట) మార్కర్‌తో గీత పెట్టి, డిస్కు తీసి సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించాను. ఎత్తు డిస్కుతో పాటు తిరిగితే డిస్కుది, హబ్ గీత దగ్గరే ఉండిపోతే హబ్‌ది. గీత దగ్గరే ఉంది. మూడుసార్లు చూశాను, నమ్మకం కలగక.

హబ్ మొకం చూస్తే స్టడ్ల (నట్లు బిగించే బోల్టుల) మొదట్లో రింగుల్లా తుప్పు, ఒకచోట గోటితో గీకితే రాని పెచ్చు. మా కొండల్లో వానాకాలం నెలల తరబడి, బండి ఆరుబయటే తడుస్తాది. ఆ పెచ్చు 0.05 ఉన్నా చాలు, హబ్ కన్నా డిస్కు వెడల్పు దాదాపు రెట్టింపు కదా, అంచు దగ్గరకొచ్చేసరికి ఆ వంకర కూడా రెట్టింపవుద్ది. కొత్త డిస్కు ఆ పెచ్చు మీద వంకరగా కూర్చుంది, ప్రతి చుట్టుకీ ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటూ మూడు వేల కిలోమీటర్లలో మందం తేడా తెచ్చుకుంది. అందుకే మొదటి నెల బాగుండి తర్వాత వచ్చింది. నేను కొన్న డిస్కు తప్పేం లేదు పాపం.

వైర్ బ్రష్, 80 నంబర్ గరుకు కాగితం, స్టడ్ల చుట్టూ దూరడానికి గరుకు గుడ్డ చుట్టిన పైపు ముక్క. గంటన్నర పట్టింది. హబ్ మొకం మీద గేజ్ పెడితే 0.01. డిస్కు లోపలి మొకం కూడా రుద్దాను. మొకం మీద గ్రీజు పూయకూడదు, మధ్య రింగుకి మాత్రం చేతి వేలికి అంటినంత.

డిస్కుని లేత్ మీద పెట్టించి రెండు వైపులా సన్నగా చెక్కించాను, 19.31 వచ్చింది, డిస్కు మీద అచ్చుపోసిన కనీస మందం 18. ప్యాడ్లు కొత్తవేమీ కొనలేదు, గరుకు కాగితం మీద రుద్ది మెరుపు తీసేశాను అంతే. బిగించాక కుడి వైపు 0.03.

నట్లు గాలి గన్నుతో కాదు, టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా రెండు దఫాలుగా. మా బండి మాన్యువల్లో 85 న్యూటన్ మీటర్లు, మీ బండిది మీరు చూసుకోండి.

ఓడో 84,640

జైపూర్ నుంచి బొరిగుమ్మ వైపు సమంగా ఉండే రోడ్డు మీద ప్యాడ్లు కూర్చోబెట్టాను: 60 నుంచి 15 దాకా మెత్తగా తగ్గించడం, పూర్తిగా ఆగకుండా మళ్ళీ స్పీడ్ అందుకోవడం, మధ్యలో కిలోమీటరు చల్లారనివ్వడం, అలా పదిసార్లు. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి ఆగిపోతే ఆ చోటే ప్యాడ్ మచ్చ పడుద్ది, మళ్ళీ అదే రోగం.

ఓడో 84,810

సుంకి నుంచి సాలూరు, నలుగురం, డిక్కీ నిండా సామాను. రెండో గేరులోనే దిగాను, బ్రేకు మలుపు ముందే. ఎడమ మలుపుల్లో స్టీరింగ్ కదల్లేదు. ఒకచోట ముందు లారీ ఆగిపోతే గట్టిగానే కొట్టాల్సి వచ్చింది, అప్పుడూ ఏం లేదు. అమ్మాయి ఫోన్ గ్రాఫ్ చూపించింది, గుంతలు తప్ప ఇంకేం లేవు.

బావ ఇంటి దగ్గర ఆగి గేజ్ తిరిగిచ్చేద్దామనుకున్నాను. "ఎడమ పక్క హబ్బు రుద్దినావా?" అన్నాడు. లేదు బావా, 0.03యే కదా. "వచ్చే వానలకి అదీ పట్టుద్ది. గేజీ ఉంచుకో, రుద్దినాక తెచ్చీ" అని లోపలికెళ్ళిపోయాడు. ఎడమది ఈ ఆదివారం తీస్తున్నాను, ఆ వైపు కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్ను కూడా పొడిగా ఉన్నట్టు అనిపించింది, అదీ చూసి రీడింగులు రాస్తాను.