ముందు కుప్ప చూడండి, తర్వాత పొయ్యి కొనండి

"ఏది వేసినా మండుతుంది" అని చెప్పి మల్టీ ఫ్యూయల్ పొయ్యిలు అమ్ముతారు. అందులో అబద్ధం లేదు. మూడు రాళ్ల పొయ్యిలో కూడా ఏది వేసినా మండుతుంది. అడగాల్సింది ఒక్కటే: దేనితో మండిస్తే పొగ తక్కువ? ఎండిన తుమ్మ కట్టెతో పరీక్షలో నెగ్గిన పొయ్యే మక్క బెండ్లు (గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకులు) వేస్తే వంటింటిని పొగతో నింపొచ్చు. కింద జాలి, గాలి వచ్చే దారి, లోపలి గది కొలత: ఈ మూడూ ఏదో ఒక రకం వంటచెరకును మనసులో పెట్టుకొని చేసినవే. కాబట్టి ఇంటి వెనక కుప్పలో ఏడాది పొడుగునా ఎక్కువగా ఉండేది ఏదో చూసి, దానికి తగ్గ పొయ్యి కొనాలి. మిగతావి అందులో ఎంతవరకు సర్దుకుంటాయన్నది తర్వాతి సంగతి.

ఇంకో మాట. రోజువారీ వంటకు గ్యాస్ ఉన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి కట్టెల పొయ్యికి మారాలని నేను చెప్పను. తెలంగాణలో అర్హులైన కుటుంబాలకు 500 రూపాయలకే సిలిండర్ పథకం 2024 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. కానీ స్నానాల నీళ్లు, పశువుల దాణా, పండుగ పిండివంటలు, చుట్టాలొస్తే పెద్ద గిన్నెల వంట, వీటికి ఊళ్లలో ఇంకా కట్టెల పొయ్యే వెలుగుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ పనుల పొయ్యి గురించే.

ఉత్తర తెలంగాణలో చాలా ఇళ్లకు దొరికేది పత్తి కట్టె. చివరి ఏరుడు అయిపోయాక, జనవరి నుంచి మార్చి దాకా, చేలల్లో పీకి మోపులు కడతారు. మొదలు బొటనవేలంత లావు, గట్టిగా మండుతుంది. కొసలు, వాటికి అంటుకున్న గుల్లలు మాత్రం గుప్పున అంటుకొని మసి చేస్తాయి. ఆ గుల్లలతో ఇంకో చిక్కుంది. గులాబీ రంగు పురుగు వాటిలోనే దాక్కొని వచ్చే పంట దాకా బతుకుతుంది. చేను పక్కన పత్తి కట్టె కుప్పలు ఉంచొద్దని వ్యవసాయ అధికారులు చెప్పేది అందుకే. గుల్లలు, కొసలు ముందు మండించి, మొదళ్లు మాత్రం ఉంచుకొని, వానకాలం పత్తి గింజ పెట్టేలోపు వాటినీ ఖర్చు చేసేయడం మంచిది. అంటే పత్తి కట్టె మీకు ఏడాదంతా ఉండదు. వానల్లో ఏం వాడతారో ఇప్పుడే లెక్క వేసుకోండి.

కంది కట్టె అన్నిటికంటే సుఖం. సన్నగా, నిటారుగా ఉంటుంది, త్వరగా ఎండుతుంది. మిరప కట్టె కూడా మండుతుంది కానీ ఎండు కాయలేమైనా అంటుకొని ఉంటే దులిపి వాడాలి, లేకపోతే ఇల్లంతా దగ్గే. తుమ్మ, సుబాబుల్, నీలగిరి అయితే 3, 4 సెంటీమీటర్ల మందానికి చీల్చాలి. మొద్దును మొద్దులాగే దూర్చితే ఏ పొయ్యీ ఏమీ చేయలేదు. పిడకల్లో బూడిద ఎక్కువ, వేడి తక్కువ, నులి వెచ్చగా రాజుకునే గుణం. దాలిలో పాలు కాగడానికి అవి సరే, కొత్త పొయ్యిలోకి తేకండి.

మక్క బెండ్లు తేలికగా ఉంటాయి, మధ్యలో బెండు తేమను పట్టి ఉంచుతుంది. పైకి ఎండినట్టు కనిపించేది విరిస్తే లోపల చల్లగా తగులుతుంది. రెండు మూడు ముక్కలు చేసి, ఫ్యాను పొయ్యిలో (దాని సంగతి కింద చెబుతాను) నింపితే మంచి మంట వస్తుంది. పొటాషియం ఎక్కువ కాబట్టి బూడిద కరిగి జాలి మీద గాజు పెంకుల్లా గట్టిపడుతుంది. దాన్ని రోజూ రాల్చకపోతే వారంలో గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

ఊక సంగతి వేరు. సుల్తానాబాద్ వైపు మిల్లుల దగ్గర ఊకకు కొదవ లేదు. కానీ ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. మామూలు జాలి మీద వేస్తే సగం కింద రాలిపోతుంది, మిగతా సగం గాలికి అడ్డుపడుతుంది. మధ్యలో గొట్టం నిలబెట్టి చుట్టూ ఊక కూరి, గొట్టం లాగేసి వెలిగించే పాత ఊక పొయ్యి పని చేస్తుంది కానీ పొగ ఎక్కువ. ఊకే మీ ప్రధాన వంటచెరకైతే ఫ్యాను ఉండి ఊక కోసమే చేసిన గ్యాసిఫైయర్ పొయ్యి, అంటే ఊకను వాయువుగా మార్చి మండించేది, తీసుకోండి. "కట్టె, బెండ్లు, పెల్లెట్లు, ఊక, అన్నీ" అని రాసి ఉన్న డబ్బా మీద ఊక అనే మాటను నేనైతే కొట్టేసి చదువుతాను.

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు రాతి బొగ్గు కూడా అడుగుతారు. శుద్ధి చేయని బొగ్గును ఇళ్లలో వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. దానికి తగ్గ పొయ్యి ఏది అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు.

ఏది వాడినా తేమ 15 శాతం లోపు ఉండాలి. కిలో కట్టె తూచి ఎండలో నాలుగు రోజులు పెట్టి మళ్లీ తూచండి. 100 గ్రాములు తగ్గిందంటే కట్టె ఇంకా పచ్చిదే. ఆ నీరు ఆవిరి కావడానికే మంట వేడి ఖర్చవుతుంది, కట్టె నుంచి వచ్చిన వాయువులు చల్లబడి అంటుకోకుండానే బయటికి పోతాయి. తెల్ల పొగ అంటే అదే. నల్ల పొగ వస్తే తేమను తిట్టకండి, గాలి చాలడం లేదు.

ఇక పొయ్యిలు. ఇంటికి పనికొచ్చేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి రాకెట్ పొయ్యి. పక్కన నోరు, లోపల ఎల్ ఆకారంలో మలుపు, పైకి పొగగొట్టంలా నిలువు గది. ఫ్యాను ఉండదు, వేడి గాలి పైకి లేచే ఊపుతోనే గాలి లాగుతుంది. లోపలి వెడల్పు 10 నుంచి 12 సెంటీమీటర్లయితే ఎత్తు దానికి రెండు, మూడింతలు ఉండాలి. నోటిలో చిన్న పలక ఉంటుంది, కట్టె దాని మీద, గాలి దాని కింద. ఆ పలక అక్కర్లేదని తీసి పారేసి నోరంతా కట్టె కుక్కడం వల్లే సగం రాకెట్ పొయ్యిలు పొగచూరుతున్నాయి. పత్తి కట్టె, కంది కట్టె, చీల్చిన తుమ్మ ఉన్నవాళ్లకు ఇదే సరైనది. బెండ్లు ఇందులోకి దొర్లి గాలి దారి మూసేస్తాయి.

రెండోది ఫ్యాను పొయ్యి. పై నుంచి నింపి పై నుంచే వెలిగించాలి. కింది జాలి నుంచి కొద్ది గాలి వచ్చి కట్టెను వాయువుగా మారుస్తుంది, గోడ పైభాగంలో చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల నుంచి వచ్చే రెండో గాలి ఆ వాయువును మండిస్తుంది. బాగా పని చేస్తున్నప్పుడు పై నుంచి చూస్తే కట్టె మీద మంట కనిపించదు. ఆ రంధ్రాల వరుస నుంచి, గ్యాస్ బర్నర్ లాగా, లోపలికి తిరిగిన చిన్న చిన్న మంటలు కనిపిస్తాయి. రంధ్రాలు మూసేలా పై దాకా నింపితే ఈ ఏర్పాటంతా దండగ, కనీసం 2, 3 సెంటీమీటర్లు కిందే ఆపాలి. బెండ్ల ముక్కలు, 3 నుంచి 5 సెంటీమీటర్లకు నరికిన పత్తి కట్టె, 6 లేదా 8 మిల్లీమీటర్ల పెల్లెట్లు (పొట్టును అదిమి చేసిన గుళికలు) దీనికి సరిపోతాయి. నరకడానికి చాఫ్ కట్టర్ (గడ్డి నరికే యంత్రం) గానీ ఓపిక గానీ లేకపోతే ఈ పొయ్యి మూలన పడుతుంది.

వంట కూడా చూసుకోవాలి. సంక్రాంతికి సకినాలు కాల్చేటప్పుడు గంటల తరబడి నూనె మీదే ఉంటుంది. పై నుంచి నింపే పొయ్యి గంటకో, గంటంబావుకో అయిపోతుంది. మళ్లీ నింపాలంటే కాగే నూనె బాండీ దించాలి, అది ప్రమాదం. అలాంటి పనికి పక్క నోరున్న పొయ్యే. సర్వపిండికి సన్న సెగ కావాలి. రాకెట్ పొయ్యిలో ఒక్క కట్టె ఉంచితే సరిపోతుంది. ఫ్యాను పొయ్యిలో వేగం తగ్గించే మీట ఉందో లేదో, తగ్గిస్తే మంట నిలుస్తుందో ఆరిపోయి పొగ వస్తుందో అంగట్లోనే చూపించమనండి. జొన్న గట్క కలపడానికి బరువు కూడా ముఖ్యం. 10 కిలోల గిన్నె పెట్టి గరిటెతో గట్టిగా తిప్పితే పొయ్యి ఊగకూడదు.

లేబుల్ మీద వెతకాల్సింది ఐఎస్ 13152. ఈ భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్యాను లేని పొయ్యి సామర్థ్యం (కట్టె వేడిలో గిన్నెకు అందే వంతు) కనీసం 25 శాతం, ఫ్యాను పొయ్యిది 35 శాతం ఉండాలి. గిన్నెకు అందిన ఒక్కో మెగాజౌల్ వేడికి మసి ధూళి మొదటి దానికి 350 మిల్లీగ్రాములు, రెండో దానికి 150 దాటకూడదు. కార్బన్ మోనాక్సైడ్ రెండింటికీ 5 గ్రాముల లోపు. పరీక్ష ఏ వంటచెరకుతో చేశారో రిపోర్టులో ఉంటుంది, అది అడిగి చదవండి.

ఈ అంకెలు చూసి సంబరపడకండి. పొయ్యి గిన్నెకు ఒక కిలోవాట్ వేడి ఇస్తోందనుకుంటే నిమిషానికి 0.06 మెగాజౌల్. ప్రమాణం అంచున ఉన్న ఫ్యాను లేని పొయ్యి నిమిషానికి 21 మిల్లీగ్రాములు, ఫ్యాను పొయ్యి 9 మిల్లీగ్రాములు వదులుతుంది. పొగగొట్టం లేని వంటింటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు, సన్న ధూళి పీఎం 2.5 కి, నిమిషానికి 0.23 మిల్లీగ్రాములు. పొగగొట్టం ఉంటే 0.80. కొలిచే ధూళి సరిగ్గా ఒకటి కాకపోయినా కట్టె పొగలో ఎక్కువ భాగం సన్న ధూళే, కాబట్టి ఎంత దూరంలో ఉన్నామో అర్థమవుతుంది. ప్రమాణంలో నెగ్గిన పొయ్యిని కూడా తలుపులు మూసిన గదిలో పెట్టకూడదు. ఎదురెదురు గాలి ఆడే వసారా గానీ, రేకుల షెడ్డు గానీ దాని చోటు.

గోడకు కట్టిన పొయ్యికి పొగగొట్టం పెడితే 4 అంగుళాల గొట్టం తీసుకోండి, కప్పు పైన కనీసం రెండడుగులు లేవాలి, కొనకు వాన టోపీ ఉండాలి. మలుపులు ఎన్ని తగ్గిస్తే అంత మంచిది. తాటి కమ్మల కప్పు అయితే గొట్టం చుట్టూ జానెడు ఖాళీ వదిలి రేకు బిగించాలి. నెలకోసారి గుడ్డ కట్టిన కర్రతో మసి దులపకపోతే తారు పేరుకొని ఒకనాడు గొట్టం లోపలే అంటుకుంటుంది.

కొనేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో వేసుకొని వెళ్లండి. లోపలి గది గోడను అది గట్టిగా పట్టుకుంటే అది 304 స్టెయిన్‌లెస్ స్టీల్ కాదు. మామూలు పల్చటి ఇనుప రేకు ఎర్రగా కాలి కాలి పొరలు ఊడిపోతుంది. జాలి పోత ఇనుముది, చేత్తో బయటికి తీసేలా ఉండాలి. మట్టి లేదా సిరామిక్ గది ఉన్న పొయ్యి వేడి బాగా నిలుపుతుంది, కానీ గంజి పొంగి పడితే పగులుతుంది. రెండు గోడల మధ్య ఏం నింపారో అడగండి. ఊక బూడిద అయినా చాలా మంచిది, వేడిని బయటికి పోనివ్వదు. గిన్నె ఆనే కాళ్లు గది అంచుకు 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎక్కువైతే మంట పక్కకు పోతుంది, తక్కువైతే పొగ వెనక్కి తన్నుతుంది. ఫ్యాను, బ్యాటరీ విడిగా దొరుకుతాయా అన్నది చివరగా కాదు, మొదటే అడగాలి. పవర్ బ్యాంకుతో నడిచే 5 వోల్టుల ఫ్యాను అయితే కరెంటు పోయినా, బ్యాటరీ పోయినా ఇబ్బంది ఉండదు.

ఫ్యాను చెడిపోవడానికి ముఖ్య కారణం వంట కాగానే దాన్ని ఆపేయడం. గాలి ఆగగానే నిప్పుల వేడి కిందికి దిగి ప్లాస్టిక్ రెక్కలు వంకరపోతాయి. నిప్పులు తీసేదాకా తక్కువ వేగంలో తిరగనివ్వాలి. మంట పోయి నిప్పులే మిగిలినప్పుడు పొగ కనిపించదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వచ్చేది అప్పుడే. చలికాలం ఆ నిప్పులను కుంపటిలో వేసి పడక గదిలో పెట్టుకొని తలుపు వేసుకోవడం ప్రాణాంతకం. నిప్పులను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఆర్పితే బొగ్గులు మిగులుతాయి.

వెలిగించడానికి ప్లాస్టిక్ కవర్లు వద్దు. కొబ్బరి పీచు, సన్న పుల్లలు, చిటికెడు కర్పూరం చాలు.

గ్యాస్‌తో లెక్క కావాలంటే: 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 650 మెగాజౌళ్ల వేడి, 60 శాతం గిన్నెకు అందితే 390. ఎండు కట్టె కిలోకు 16 మెగాజౌళ్లు. 35 శాతం సామర్థ్యమున్న పొయ్యికి అదే పనికి 70 కిలోల కట్టె, 25 శాతం దానికి దాదాపు క్వింటాలు, మూడు రాళ్ల పొయ్యికి రెండు క్వింటాళ్లు కావాలి.

మీ పొయ్యి ఏ స్థాయిలో ఉందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూత పెట్టిన గిన్నెలో 5 లీటర్ల నీళ్లు, తూచిన కట్టె. నీళ్లు తెర్లగానే మంట ఆర్పి, మిగిలిన కట్టె తూచి, ఆ బరువును మొదటి బరువులోంచి తీసేయండి. 270 నుంచి 400 గ్రాములు ఖర్చయితే మంచి పొయ్యే. 800 గ్రాములు దాటితే కట్టె తేమ ఒకసారి చూసి, బాగా ఎండిన కట్టెతో మళ్లీ చేయండి. అప్పుడు కూడా అంతే వస్తే బిల్లు తీసుకొని అంగడికి నడవండి.