35 రోజుల గడువు
ఆస్ట్రేలియాలో రక్షణ వీసా (స్వదేశానికి తిరిగి వెళితే హాని జరుగుతుందనే భయం ఉన్నవారికి ఇచ్చే వీసా) నిరాకరించబడిన మిత్రుడొకరు, ఆ నిరాకరణను సమీక్షించిన ట్రిబ్యునల్ నిర్ణయ ప్రతిని నా చేతిలో పెట్టినప్పుడు నేను ముందుగా వెతికింది కారణాలను కాదు, దాని మీది తేదీని. ఎందుకంటే 1958 నాటి వలస చట్టం ప్రకారం ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టును ఆశ్రయించడానికి ఉన్న గడువు, నిర్ణయం వెలువడిన నాటి నుంచి 35 రోజులే.

"నా ప్రాణభయం నిజమని జడ్జిగారు నమ్ముతారా?" అని ఆయన పదేపదే అడిగారు. ఆ ప్రశ్న అక్కడ విచారణకే రాదని చెప్పడం నాకు చాలా కష్టమైంది. చెప్పుకున్న ముఖ్యమైన భయాన్ని ట్రిబ్యునల్ అసలు పరిశీలించకపోవడం, వాదన వినిపించే న్యాయమైన అవకాశం ఇవ్వకపోవడం వంటి, అధికార పరిధికి సంబంధించిన దోషాలనే న్యాయమూర్తి చూస్తారు. గెలిచినా వీసా చేతికి రాదు. సాధారణంగా కేసు తిరిగి ట్రిబ్యునల్‌కే వెళుతుంది. అయినా, అటువంటి దోషమున్నచోట కోర్టు తలుపు మూసుకుపోదని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2003లోనే స్పష్టం చేసింది.