వెదురు ఫ్లోరింగ్ ఎంచుకోవడం: నేను ఏమేం చూసుకున్నానంటే

వెదురు ఫ్లోరింగ్ గురించి ఎవరిని అడిగినా ముందు రంగు దగ్గరే మొదలుపెడతారు. నేను మాత్రం రంగుని చివరికి నెట్టేశాను. పలక లోపల వెదురుని ఎలా అతికించారు, మన నేలలో తేమ ఎంతుంది, ఈ రెండూ తేలాకే మిగతావి. ఇదే పనిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

వెదురు గడ్డి జాతి, పైగా లోపలంతా బోలు, కాబట్టి దుంగని కోసినట్టు పలకలు కోయడం కుదరదు. బద్దలుగా చీల్చి, అందులోని పిండి పదార్థం పోయేలా ఉడికించి (పురుగు వచ్చేది ఆ పిండి కోసమే), ఆరబెట్టి జిగురుతో అతికిస్తారు. బద్దల్ని పడుకోబెట్టి అతికిస్తే కణుపులు వెడల్పుగా కనిపిస్తాయి, నిలబెట్టి అతికిస్తే సన్నటి గీతల్లా ఉంటుంది. మూడో రకం స్ట్రాండ్ వోవెన్. ఇందులో వెదురుని పోగులు పోగులుగా నలిపి, రెజిన్ పట్టించి, విపరీతమైన ఒత్తిడితో దిమ్మలుగా నొక్కి, ఆ దిమ్మల్లోంచి పలకలు కోస్తారు.

గట్టిదనానికి జాంకా అని ఒక పరీక్ష ఉంది, చిన్న ఉక్కు గుండుని చెక్కలోకి సగం దాకా దించడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. రెడ్ ఓక్ కలపకి అది 1290 పౌండ్లు. మామూలు వెదురు పలకలు ఇంచుమించు అక్కడే ఉంటాయి, స్ట్రాండ్ వోవెన్ అయితే చాలావాటికి 3000 దాకా వస్తుంది. ముదురు గోధుమ రంగు పలకల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కార్బనైజ్డ్ అని అమ్మేవాటికి ఆ రంగు పూత వల్ల రాదు, వెదురుని ఆవిరిలో మగ్గపెట్టడం వల్ల వస్తుంది, ఆ క్రమంలో అది కాస్త మెత్తబడుతుంది. మా ఇంట్లో కుర్చీలు రోజంతా అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయి, అందుకని అది వద్దనుకున్నాను.

సాంపిల్స్ ఇంటికి తెచ్చుకోండి, ఇది మాత్రం తప్పకుండా చేయండి. నేను ఒక్కో ముక్కలో సగానికి అట్టముక్క కట్టి ఎండ పడే కిటికీ దగ్గర వదిలేశాను. కొన్నాళ్లకి అట్ట తీసి చూస్తే ఒకదానిమీద గీత గీసినట్టు రెండు రంగులు తేలాయి, ఇంకోదానిలో తేడా వెతికితే గానీ తెలియలేదు. పక్క అంచులు కూడా చూడాలి, పైన పాలిష్ ఎంత మెరిసినా జిగురు సరిగ్గా పట్టని చోట సన్నటి ఖాళీలు అక్కడే బయటపడతాయి.

జిగురు విషయంలో నేను అస్సలు రాజీపడలేదు. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురైతే గదిలోకి హానికరమైన ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతూ ఉంటుంది, పిల్లలు నేలమీదే పడి ఆడే ఇంట్లో ఆ టెన్షన్ ఎందుకు? ఆ వాయువుకి హద్దు పెట్టే ప్రమాణాలు, అంటే యూరప్‌లోని ఈ1 గానీ, కాలిఫోర్నియాలోని కార్బ్ ఫేజ్ 2 గానీ పాటించినట్టు టెస్ట్ రిపోర్ట్ చూపించమన్నాను. ఒక అమ్మకందారు "పూర్తిగా ఎకో ఫ్రెండ్లీ అండీ" అని పదేపదే అన్నాడు గానీ కాగితం మాత్రం చూపించలేదు, అక్కడితో ఆ సరుకు వదిలేశాను. వెదురు వయసు కూడా అడగాలి. ఫ్లోరింగ్‌కి ఎక్కువగా వాడే మోసో వెదురుని ఐదారేళ్లు ముదిరాక కోస్తేనే గట్టిగా ఉంటుంది.

ఇక అసలు సంగతి తేమ. కాంక్రీట్ నేల పైకి పొడిగానే కనిపిస్తుంది. సుమారు 45 సెంటీమీటర్ల పాలిథిన్ ముక్కని నేలమీద పరిచి, గాలి దూరకుండా నాలుగు వైపులా టేప్ వేసి, కనీసం 16 గంటలు వదిలేయాలి. మిగతా గదుల్లో ఏమీ లేదు గానీ, వంటింటిని ఆనుకున్న గదిలో మాత్రం షీట్ లోపలి వైపు సన్నటి నీటి బొట్లు పట్టాయి, కింద కాంక్రీట్ రంగు నల్లబడింది. ఆ గదికి టైల్సే ఉంచేశాం. వెదురు తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, ఏ పాలిషూ దాన్ని పూర్తిగా ఆపలేదు.

చివరికి లేత రంగు స్ట్రాండ్ వోవెన్, క్లిక్ చేసి బిగించే రకం తీసుకున్నాం. అతికించి వేస్తే నడుస్తుంటే గట్టిగా అనిపిస్తుంది, నిజమే, కానీ రేపు ఒక పలక పాడైతే ఊడదీయడం నరకం. పెట్టెలు రాగానే వేసేయమని పనివాళ్లు తొందరపెట్టారు, నేను ఒప్పుకోలేదు. కనీసం 72 గంటలు ఆ గదిలోనే ఉంచాలి, స్ట్రాండ్ వోవెన్ బాగా చిక్కగా ఉంటుంది కాబట్టి గది గాలికి అలవాటు పడటానికి ఇంకా ఎక్కువ రోజులే పడుతుంది. గోడల పక్కన సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలారా లేదా అని దగ్గరుండి చూసుకోండి, స్కర్టింగ్ పడ్డాక ఇక కనపడదు.

తుడవడానికి బాగా పిండిన బట్ట చాలు, స్టీమ్ మాప్ వద్దు. కొలతకన్నా ఓ పది శాతం ఎక్కువ కొని, మిగిలిన పలకలు దాచుకోండి. మళ్లీ అదే బ్యాచ్ రంగు దొరకడం కష్టం.