ఏం మారిందో డిఫ్ చెప్తుంది, ఎందుకో మీరే చెప్పాలి

బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ సాఫ్ట్‌వేర్ టీమ్‌లో చూసినా ఇదే వరస. కోడ్ రాసినవాళ్లు నోటీస్ పీరియడ్ ముగించుకుని ఇంకో కంపెనీకి వెళ్లిపోతారు, కోడ్ ఇక్కడే ఉంటుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రపరిచిన ఒక్కో మార్పు ఒక కమిట్, దానికి మనం రాసే వివరం కమిట్ మెసేజ్. రెండేళ్లకు ప్రొడక్షన్‌లో బగ్ వచ్చి ఆ లైను మీద గిట్ బ్లేమ్ కొడితే దాన్ని ఎవరు, ఏ కమిట్‌లో మార్చారో తెలుస్తుంది. ఆ కమిట్ తెరిస్తే మెసేజ్‌లో "మైనర్ చేంజెస్" అని కనబడుతుంది. అడుగుదామంటే మనిషి లేడు.

టైమౌట్ (జవాబు కోసం ఆగే గడువు) 30 సెకన్ల నుంచి 90కి మారిందనుకోండి. "టైమౌట్ మార్పు" అని రాస్తే, ఏ లైను ఎలా మారిందో చూపించే డిఫ్‌నే ఇంకోసారి చదివినట్టు. ఇలా రాయండి:

పేమెంట్: బ్యాంక్ టైమౌట్ 90 సెకన్లకు పెంచు

నెలాఖరులో బ్యాంక్ జవాబుకు 60 సెకన్లు దాటుతోంది. మనం 30 దగ్గరే వదిలేస్తే డబ్బు కట్ అయినా ఆర్డర్ ఫెయిల్ అని పడుతోంది. రీట్రై పెడితే రెండుసార్లు కట్ కావచ్చు, అందుకే పెట్టలేదు.

ఆ చివరి వాక్యమే అన్నిటికంటే విలువైనది. రేపు ఎవరో మంచి ఉద్దేశంతోనే రీట్రై పెట్టబోయి ఆగుతారు. (టీమ్‌లో తమిళులు, కన్నడిగులు, హిందీవాళ్లు ఉంటారు కాబట్టి అసలు మెసేజ్ ఇంగ్లీషులోనే ఉంటుంది.)

మొదటి లైను 50 అక్షరాల లోపు, తర్వాత ఒక ఖాళీ లైను, కింద వివరం లైనుకు 72 అక్షరాలు. ఖాళీ లైను మర్చిపోతే గిట్ ఆ పేరా మొత్తాన్నీ శీర్షికగా తీసుకుంటుంది, కమిట్‌కి ఒక్క లైనే చూపించే వన్‌లైన్ లాగ్‌లో చాంతాడంత వస్తుంది. క్రియ "యాడెడ్" కాదు, "యాడ్". గిట్ తనంతట తాను రాసే "మెర్జ్", "రివర్ట్" కూడా అలాగే ఉంటాయి.

హ్యాష్ గుర్తు (#) ఉన్న టికెట్ నంబరుతో (ఆ పనికి ట్రాకర్‌లో ఇచ్చిన నంబరు) లైను మొదలుపెట్టకండి. ఎడిటర్‌లో హ్యాష్ గుర్తుతో మొదలైన లైనును గిట్ కామెంట్ అనుకుని తీసేస్తుంది, టికెట్ మాయమైపోతుంది. నంబరు ముందు ఒక మాట ఉంటే చాలు.

శీర్షికలో "ఇంకా" అని రాయాల్సి వస్తోందంటే అవి రెండు కమిట్లు. గిట్ యాడ్‌కి హైఫన్ పీ ఇస్తే మార్పుల్ని ముక్కలుగా చూపిస్తుంది. కావాల్సినదానికి వై, వద్దంటే ఎన్, ఇంకా చిన్నగా విడగొట్టాలంటే ఎస్. కమిట్‌కి హైఫన్ వీ ఇస్తే ఎడిటర్‌లో మెసేజ్ కిందే డిఫ్ కనిపిస్తుంది, దాన్ని చూస్తూ రాయండి.

తప్పు రాస్తే పుష్ చేయకముందే, అంటే అందరూ వాడే సర్వర్‌కు పంపకముందే, అమెండ్‌తో ఆ చివరి కమిట్‌ను సరిదిద్దండి. పుష్ అయ్యాక చేస్తే కమిట్ హ్యాష్ (ఆ కమిట్‌కు గిట్ ఇచ్చే గుర్తింపు కోడ్) మారి, అదే బ్రాంచ్‌లో ఉన్నవాళ్ల హిస్టరీకీ మీదానికీ పొంతన కుదరదు. అప్పుడు గిట్ నోట్స్‌తో వివరం తగిలించొచ్చు. కాకపోతే అవి మామూలు పుష్‌తో వెళ్లవు, విడిగా పంపాలి.