తెల్లటి అంచు దాటి

నాకొచ్చింది గ్లయోబ్లాస్టోమా, మెదడులో పుట్టే క్యాన్సర్ గడ్డ. ఆపరేషను, 30 విడతల్లో 60 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషను, వెంట టెమొజొలొమైడ్ అనే కీమో మాత్రలు. ఇవి చాలామందికి జరిగేవే. నేను చెప్పాలనుకున్నది స్కాన్ల సంగతి.

గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించాక ఎమ్మారైలో తెల్లగా మెరిసేది, మెదడులోని రక్తనాళాల గోడ దెబ్బతిని మందు బయటికి కారే చోటు. గడ్డ అక్కడితో ఆగదు. దాని కణాలు నరాల నారల వెంట ఇంకా దూరం పాకుతాయి. అక్కడ నాళాలు బాగానే ఉంటాయి కనక మెరుపు రాదు. ఫ్లెయిర్ అనే మరో రకం ఎమ్మారై చిత్రంలో చుట్టూ తెల్లటి మబ్బు కనిపిస్తుంది గానీ, అందులో వాపు ఎంతో, కణాలు ఎన్నో తేలదు. "గడ్డంతా తీసేశాం" అంటే మెరిసినదంతా తీశారని అర్థం చేసుకోవాలి.

రేడియేషన్ అయ్యాక తీసిన మొదటి స్కాన్‌లో మెరుపు పెరిగింది. డ్యూటీ డాక్టరు తెర చూసి, "మళ్ళీ వచ్చిందండీ" అనేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని భుజం చూస్తేనే తెలుస్తోంది. పలకరిస్తే నేనూ ఏడుస్తానని ఊరుకున్నాను. రేడియేషన్ ముగిసిన మొదటి 3 నెలల్లో చికిత్స దెబ్బకే అలా మెరవొచ్చు, దాన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. ఆ ఒక్క ముక్క ఆయన చెప్పి ఉంటే సరిపోయేది. ఆ కోపం నాకింకా పోలేదు.

మర్నాడు రేడియాలజిస్టు గారు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించారు. ఆవిడకు చేతులెత్తి మొక్కాలి. రక్తం ఎంత చేరుతోందో చూపే పెర్ఫ్యూజన్ స్కాన్‌లో ఆ చోట రక్తం పరిమాణం తక్కువగా ఉంది. గడ్డ పెరుగుతుంటే కొత్త నాళాలతో అది ఎక్కువవుతుంది. డిఫ్యూజన్ స్కాన్ నీటి కదలికను కొలుస్తుంది: కణాలు కిక్కిరిస్తే నీరు కదల్లేదు, వాపులో ధారాళంగా కదులుతుంది. మెదడులోని రసాయనాలను కొలిచే స్పెక్ట్రోస్కోపీలో కోలిన్ (కణాల పొరలకు గుర్తు) పెరిగి ఎన్‌ఏఏ (ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలకు గుర్తు) తగ్గితే గడ్డ అనుమానం. ఏ ఒక్కదాన్నీ పట్టుకుని తీర్పు చెప్పకూడదు. చీము ఉన్నా నీటి కదలిక తగ్గుతుంది, పాత రక్తపు మరక పెర్ఫ్యూజన్‌ను చెడగొడుతుంది, పుర్రె ఎముక దగ్గర కొవ్వు స్పెక్ట్రోస్కోపీని పాడుచేస్తుంది. అక్కడక్కడా ఒంటరిగా ఉన్న కణాలను ఇవేవీ పట్టలేవు.

తర్వాతి స్కాన్లలో మెరుపు తగ్గింది. దేవుడి దయ.

ఆపరేషన్ తర్వాత తొలి ఎమ్మారై 48 గంటల్లోపే తీయించుకోండి. ఆలస్యమైతే కోత మానే చోటు కూడా మెరిసి, మిగిలిన గడ్డతో కలిసిపోతుంది. వీలైతే ప్రతిసారీ ఒకే మెషీన్ మీద తీయించండి. పాత సీడీలు వెంట ఉంచుకోండి, ఫిల్ములు చాలవు. ఆ రోజు వేసుకుంటున్న డెక్సామెథాసోన్ (వాపు తగ్గించే స్టిరాయిడ్) మోతాదు తప్పక రాయించండి. స్టిరాయిడ్ పెరిగితే గడ్డ తగ్గకపోయినా మెరుపూ వాపూ తగ్గుతాయి, మోతాదు తగ్గిస్తే రెండూ పెరిగి కనిపిస్తాయి.