కొడుకు కువైట్‌లో, అక్వేరియం కూకట్‌పల్లిలో

సెలవు మీద హైదరాబాద్ వచ్చి, పిల్లలు అడిగారని అక్వేరియం పెట్టించి, నెల తిరక్కుండా ఫ్లైట్ ఎక్కేవాళ్లం మనలో చాలామంది. తర్వాత దాన్ని చూసుకునేది అమ్మానాన్నలే. అందుకే ఫిల్టర్ కొనేటప్పుడు మోకాళ్ల నొప్పులున్న అమ్మ దేన్ని కడగగలదో చూసి కొనాలి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 50 లీటర్ల నీళ్లు పడతాయి. గంటకు అందుకు 4 నుంచి 6 రెట్లు నీళ్లు తిప్పే ఫిల్టర్ చాలు. అట్టపెట్టె మీది అంకె ఖాళీ పంపుది, లోపల మురికి పట్టేకొద్దీ ధార తగ్గుతుంది. కాబట్టి 300 లీటర్లది తీసుకోండి. క్యానిస్టర్ (తొట్టి బయట పెట్టే, గొట్టాలతో కలిపిన మూతడబ్బా ఫిల్టర్) నీళ్లను అద్దంలా ఉంచుతుంది, నిజమే. కానీ గొట్టాలు విప్పి, నీళ్లతో నిండిన డబ్బా ఎత్తాలి. పైగా గంటల తరబడి కరెంటు పోతే ఆ మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి మేలు చేసే బాక్టీరియా చచ్చిపోతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లన్నీ చేపల మీదికి వస్తాయి.

పెద్దవాళ్లున్న ఇంటికి ఎయిర్ పంపుతో నడిచే జంట స్పాంజి ఫిల్టరే మేలు. కరెంటు భాగమేదీ నీళ్లలో ఉండదు. చిన్న పంపు 3–5 వాట్లతో ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది. పంపును నీటిమట్టానికి పైన పెట్టండి, లేదా గాలి గొట్టానికి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ వేయండి. ఈ రెండూ లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలో వెనక్కి పారి పంపులోకి దిగుతాయి.

ఇక సూట్‌కేసులో తెచ్చే ఫిల్టర్ల సంగతి. అమెరికా సరుకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది (హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క). ఇక్కడ నేరుగా పెడితే కాయిల్ కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా అది వోల్టేజీనే మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. ఇక్కడి 50 హెర్ట్జ్ మీద మోటారు వేగం ఆరో వంతు తగ్గి, వేడెక్కుతుంది. సౌదీలో కూడా 60 హెర్ట్జే, లేబుల్ చూడకుండా కొనొద్దు. దుబాయ్, కువైట్, ఖతర్‌లలో 50 హెర్ట్జ్ కాబట్టి అక్కడివి ప్లగ్ మార్చుకుంటే సరిపోతాయి.

నెల సెలవులో కొత్త తొట్టి పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. చేపల వ్యర్థం నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా, మీరు విమానం ఎక్కే వారమే చేపలు చావడం మొదలవచ్చు. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన తొట్టిలోంచి ఈ బాక్టీరియా కుదురుకున్న పాత స్పాంజి ఒకటి తెచ్చి, తడి ఆరకుండా, దిగిన రోజే మీ తొట్టిలో వేయండి. మొదట్లో మూడు నాలుగు చిన్న చేపలకు మించి వద్దు.

కడగడం ఇలా. ముందు ప్లగ్ తీసేయాలి. తొట్టిలోంచి పావు వంతు నీళ్లు బకెట్‌లోకి తోడి, ఆ నీళ్లలోనే స్పాంజిని నాలుగైదు సార్లు పిండాలి. గోధుమరంగు నీళ్లు పలచబడితే చాలు, తెల్లగా మెరిసేదాకా రుద్దొద్దు. రెండు వారాలకోసారి, ఈసారి ఒక స్పాంజి, వచ్చేసారి రెండోది. నల్లా కింద కడిగితే మంజీరా నీళ్లలోని క్లోరిన్‌కు బాక్టీరియా పోతుంది. తిరిగి పోసే నీళ్లలో కూడా యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి. బోరు నీళ్లలో క్లోరిన్ లేకపోయినా తెల్లటి ఉప్పు పేరుకుంటుంది.

మోటారు ఫిల్టరే ఉందంటే గరగర శబ్దం కోసం చెవి పెట్టమనండి. నీళ్లను తోసే చిన్న చక్రం, అంటే ఇంపెల్లర్‌కు ఇసుక రేణువో వెంట్రుకో చుట్టుకుని ఉంటుంది. దాన్ని బయటికి లాగి పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. ఉప్పు పట్టి ఉంటే గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి, బాగా కడిగి పెట్టాలి.

వీడియో కాల్‌లో “అమ్మా, ఫోను నీళ్లపైకి చూపించు” అని అడగండి. బుడగలు సన్నగా వస్తుంటే స్పాంజి మూసుకుపోయింది, లేదా పంపులో గాలి కొట్టే రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్ చిరిగింది. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆ పూటే పావు వంతు నీళ్లు మార్చించండి. ఒక డయాఫ్రమ్, ఒక చెక్ వాల్వ్, ఒక విడి స్పాంజి కొని తొట్టి కింద అరలో పెట్టి వెళ్లండి.